మీరు ఉపవాసముండి అడిగిన భాగస్తుడు

నా దుకాణానికి, నేను కూర్చుని నా చేతులతో జాకెట్లు కుట్టిన దుకాణానికి, వేరే మనిషి తాళం వేసి తాళంచెవి జేబులో వేసుకుని పోతే, దాని ముందున్న మెట్టు మీద మిట్టమధ్యాహ్నం ఎండలో దిక్కు తోచక కూర్చున్నదాన్ని నేను, సహోదరులారా! ఊరు కాని ఊరు, దేశం కాని దేశం. లోపల నా మిషను, లోపల నా కత్తెర, లోపల వారంలో పెళ్లి పెట్టుకున్న అమ్మాయి జాకెట్టు చేతులు ఒకవైపు వీపు ఒకవైపు అయి బల్ల మీద పడి ఉంది, బయట నేను. ఆ దుకాణం లైసెన్సు మీదే నా వీసా ఉంది, అది పోతే ఇది పోతుంది, ఇది పోతే నేను పెట్టె సర్దుకుని ఇబ్రహీంపట్నం బస్సు ఎక్కాల్సిందే. అటువంటి రోజు నుంచి నన్ను విడిపించి, మళ్లీ నా మిషను ముందు నన్ను కూర్చోబెట్టిన దేవునికి ఈ పూట మీ అందరి ముందు స్తోత్రం చెల్లించడానికి వచ్చాను.

స్తోత్రం చెల్లిస్తాను. కానీ ముందే చెప్తున్నాను, నేను కోపంతో ఉన్నాను. ఇందాక మెట్లెక్కి వస్తుంటే మన సంఘ పెద్దల్లో ఒకాయన, నాకు బాబాయి వరస అవుతాడు, నా చెవి దగ్గరికి వచ్చి "బిడ్డా, సాక్ష్యంల విమోచన చెప్పు, పంచాయితీ చెప్పకు" అన్నాడు. బాబాయీ, నువ్వు పెద్దవాడివి, నీ మాట తీసేయలేను, కానీ పంచాయితీ చెప్పకుండా విమోచన ఎట్లా చెప్పాలో నాకు తెలియదు. ఫరో ఊసు ఎత్తకుండా ఐగుప్తు నుంచి బయటికి వచ్చిన కథ ఎవరైనా చెప్పగలరా? ఎవడు పట్టుకున్నాడో చెప్తేనే కదా, ఎవరు విడిపించారో తెలిసేది!

నేను సుగుణను. మన ఎలీషా భార్యను. ఎలీషా ఆదిభట్ల కంపెనీ బస్సు నడుపుతాడని మీకందరికీ తెలుసు. నేను మన్నెగూడ చౌరస్తాలో ఒక షట్టర్ అద్దెకు తీసుకుని జాకెట్లు కుట్టేదాన్ని, మీలో చాలామంది అక్కలు ఆది జాకెట్టు పట్టుకుని వచ్చేవాళ్లు, "సుగుణా, గిట్లనే కుట్టు, కానీ జర వదులు పెట్టు" అని చెప్పి పోయేవాళ్లు. ఆ షట్టర్ ఉన్న స్థలం అమ్ముడుపోయి అక్కడ పెద్ద బిల్డింగు లేస్తుందన్నప్పుడు, దుబాయి పక్కన అజ్మాన్‌లో లేడీస్ టైలర్ కావాలంటే వెళ్లాను. అక్కడ ఒక మలయాళీ అక్క దుకాణంలో కొన్నేళ్లు పనిచేశాను. మంచి మనిషి. ఆమె వయసైపోయి దుకాణం మూసేసి తన ఊరికి పోతూ, "ఈ దేశంలో నీ చేతికి పేరుంది, నువ్వే సొంతంగా పెట్టుకో, ఇంకొకరి కింద ఎందుకు?" అంది. అక్కడ ఉన్న మన తెలుగువాళ్లూ తమిళ అక్కలూ అదే మాట. పరదేశంలో కాస్త ఒంటికి సరిపోయే జాకెట్టు కుట్టే మనిషి దొరకడం ఎంత కష్టమో అక్కడ ఉన్న ఆడవాళ్లకే తెలుసు!

నాకు ధైర్యం చాలలేదు. అయినా కనుక్కున్నాను. ఒకప్పుడు ఆ దేశంలో బయటివాళ్లు దుకాణం పెట్టాలంటే అక్కడి స్థానికుడు ఒకడు భాగస్తుడిగా పేరు ఇవ్వాల్సిందేనట, అది తప్పనిసరట. ఇప్పుడు చట్టం మారింది, చాలా పనులకు బయటి మనిషి పూర్తిగా తన పేరు మీదే పెట్టుకోవచ్చు, నా పనికి కూడా అంతే అని నా దగ్గర చీరలకు ఫాల్ కుట్టించుకునే ఒక ఆఫీసు ఉద్యోగిని చెప్పింది. నా ప్రాణం లేచి వచ్చింది. నా పేరు ఒక్కటే! ఈ సుగుణ పేరు! అమ్మగారింట్లో బాపు పేరు కిందా, అత్తగారింట్లో ఎలీషా పేరు కిందా, మన్నెగూడలో షట్టర్ ఓనరు పేరు కిందా బతికినదాన్ని, ఆ పూట నా పేరు ఒక బోర్డు మీద ఊహించుకుని, నవ్వితే నవ్వండి, అద్దం ముందు నిలబడి పైకి చదువుకున్నాను.

అక్కడ మన తెలుగువాళ్ల ప్రార్థన కూడిక ఒకటి ఉంది. దానికి ఒక పెద్ద ఉన్నాడు, అందరూ పెద్దన్న అంటారు, పేరు నేను చెప్పను. మన వాళ్ల కాగితాల పనులన్నీ ఆయనే చూస్తాడు, వాక్యం చెప్తే కన్నీళ్లు తెప్పిస్తాడు. ఆయన దగ్గరికి వెళ్లి విషయం చెప్పాను. ఆయన కళ్లు మూసుకుని కాసేపు ప్రార్థన చేసినట్టు చేసి, "ఆ చట్టం పెద్ద పెద్ద కంపెనీలకు సిస్టర్, మనలాంటి వాళ్లకు కాదు. పైగా ఆడమనిషివి, ఒక్కదానివి. నీ పక్కన ఒక స్థానికుడి పేరు లేకపోతే నిన్ను ఎవరు లెక్కచేస్తారు? నాకు తెలిసిన పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు, నేను మాట్లాడతాను" అన్నాడు. నాకు మనసొప్పలేదు. ఆలోచించి చెప్తానని వచ్చేశాను.

ఇక్కడి నుంచి మీ వంతు వస్తుంది, సహోదరులారా, జర ఓపికగా వినండి.

అవి కొత్త సంవత్సరం రోజులు. జనవరి ఒకటిన మన సంఘంలో ఆరాధన అయ్యాక వాగ్దానం కార్డులు తీస్తాం కదా, పళ్లెంలో బోర్లించి పెట్టిన కార్డుల్లో ఎవరి చేతికి ఏ వాక్యం వస్తే ఆ ఏడాదంతా అదే వాళ్ల వాగ్దానం అని గోడకు అంటించుకుంటాం, ఫోన్‌లో స్టేటస్ పెట్టుకుంటాం. నేను లేను కాబట్టి నా పేరు మీద ఎలీషా తీశాడు. ఒంటరిగా ఉండటం కంటే ఇద్దరు కూడి ఉండటం మేలు అన్న వాక్యం వచ్చింది. ఏటేటా ఆ కార్డు ఎవరో ఒక కొత్త జంటకు వస్తుంది, అందరం చప్పట్లు కొట్టి నవ్వుతాం. ఆ ఏడు నాకు వచ్చింది. పాస్టరయ్య మైకులో చదివాడట, సంఘమంతా హల్లెలూయ అన్నారట! ఎందుకంటే నేను భాగస్తుడి విషయం తేల్చుకోలేక ప్రార్థన చేయమని అంతకు ముందు వారమే అడిగి ఉన్నాను. ఇంకేముంది, దేవుడు జవాబిచ్చేశాడు! సుగుణకు భాగస్తుడు కావాలి, దేవుని చిత్తం తేలిపోయింది!

నేను ఫోన్‌లో మొత్తుకున్నాను. "పాస్టరయ్యా, చట్టమే అక్కర్లేదంటున్నదట, నేను ఒక్కదాన్నే పెట్టుకోవచ్చట" అన్నాను. ఆయన ప్రేమ ఉన్న మనిషే, నాకు బాప్తిస్మం ఇచ్చిన మనిషే, కాదనను. "బిడ్డా, వాగ్దానమే గట్ల వచ్చినంక నువ్వు చట్టం గిట్టం అంటవేంది? లోకం చట్టం పెద్దదా, దేవుని మాట పెద్దదా?" అన్నాడు. దేవుని మాట చిన్నదని ఏ విశ్వాసి అంటుంది? మీరంతా కూడి వరసగా శుక్రవారాలు ఉపవాసమున్నారు. మన సుగుణకు ఒక మంచి భాగస్తుడు దొరకాలని! అన్నం మానేసి, నీళ్లు తాగి, మోకాళ్లు అరిగేలా, నాకు అక్కర్లేనిదాన్ని నా కోసం అడిగారు. ఎలీషా ఒక్కడు ఫోన్‌లో, "మిషను నీది, చెయ్యి నీది, నడుమ గాయన ఎవడే?" అన్నాడు. కానీ మళ్లీ తానే, "కార్డు తీసింది నేనే గదనే, నా చేతికే గట్ల వచ్చె, ఏమంటం" అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. ఆలోచించండి! ఎలీషా చెయ్యి రెండు అంగుళాలు పక్కకు పడి ఉంటే ఇంకో కార్డు వచ్చేది, నా బతుకు ఇంకోలా ఉండేది. పిల్లకు సంబంధం చూడాలన్నా, మనవాళ్లు ఊరంతా తిరిగి, నలుగురిని అడిగి, మళ్లీ మళ్లీ విచారిస్తారు. దేశం కాని దేశంలో ఒక ఆడమనిషి కష్టార్జితానికి మాత్రం పళ్లెంలో కార్డు చాలు!

సరే, ఒప్పుకున్నాను, పెద్దన్న చెప్పిన ఆ పెద్దమనిషి పేరు లైసెన్సు మీద నా పేరు పక్కన ఎక్కింది. ఆ లైసెన్సు కాపీ అక్కడి పద్ధతి ప్రకారం దుకాణం గోడకు తగిలించాం. నా భాగస్తుణ్ణి నేను చూసింది ఆ కాగితం మీదే. మనిషి ఎలా ఉంటాడో తెలియదు, గొంతు తెలియదు. బాలాపూర్ లడ్డూ వేలంలో కూడా పాట పాడేవాడి ముఖం నలుగురికీ కనిపిస్తుంది, నా దుకాణంలో సగం వాటాదారు ముఖం మాత్రం నాకు కనిపించలేదు! అన్నిటికీ పెద్దన్నే, నెలనెలా భాగస్తుడి వాటా అని డబ్బు పట్టుకెళ్లేదీ పెద్దన్నే. ఆ పెద్దమనిషి తరఫున సంతకం పెట్టే అధికారం తనకుందని, ఆయన మాటే తన నోట వస్తుందని చెప్పేవాడు.

ఆ తర్వాత మొదలైంది. బోర్డు మీద సుగుణ అని రాయిస్తానంటే, భాగస్తుడు ఒప్పుకోడు సిస్టర్ అన్నాడు. ఎవరికీ అర్థం కాని ఇంకేదో పేరు పెట్టించాడు. సాయం కోసం ఒక తమిళ అమ్మాయిని పెట్టుకుంటానంటే భాగస్తుడు ఒప్పుకోడు, తన మరదలిని పెట్టుకోవాలి. ఆ మరదలికి కాజాలు కుట్టడం కూడా రాదు, కుర్చీలో కూర్చుని ఫోన్ చూసుకునేది, చూసిందంతా బావకు చేరవేసేది. క్రిస్మస్‌కు మన సంఘానికి వచ్చి మీ అందరితో ఆరాధన చేసుకుంటానంటే, సీజన్‌లో దుకాణం వదిలి వెళ్లడానికి భాగస్తుడు ఒప్పుకోడు! ఎవరా భాగస్తుడు? దేవుడు కూడా ఇన్నిటికి అడ్డం చెప్పడు కదా! మీకు ఫోన్ చేసి ఏడ్చాను. అప్పుడు మీరు ఏం చెప్పారో మీకు గుర్తుందో లేదో, నాకు గుర్తుంది. దేవుడు జతపరచినదాన్ని మనుషులు విడదీయకూడదు బిడ్డా, ఓర్చుకో అన్నారు. అయ్యా, అమ్మా, అది పెళ్లికి చెప్పిన మాట! నాకు ఎలీషాతో ఈ మందిరంలోనే పెళ్లయింది, మీరే భోజనాలు చేశారు, కూర బాగుందని కూడా అన్నారు. జాకెట్ల దుకాణానికి పెళ్లేమిటి? ఒక స్త్రీ నోరు నొక్కాలంటే మాత్రం మనకు వాక్యం చప్పున దొరుకుతుంది!

చివరికి పెద్దన్న ఒకరోజు వచ్చి, ఇకమీదట దుకాణం మరదలు చూసుకుంటుంది, నువ్వు కుట్టడం వరకే చూసుకో, జీతం ఇస్తాం, భాగస్తుడు అలా నిర్ణయించాడు అన్నాడు. నా దుకాణంలో నాకు జీతమట! నేను ఒప్పుకోనన్నాను. జీవితంలో మొదటిసారి ఒక పెద్దమనిషి ముఖం మీద, చేతిలో కత్తెర ఉండగానే, ఒప్పుకోను అన్నాను. మర్నాడు నేను వెళ్లేసరికి తాళం మారిపోయింది. ఫోన్ చేస్తే, లైసెన్సు రద్దు చేయిస్తాను, వీసా కూడా పోతుంది, నీ ఇష్టం అని పెట్టేశాడు. జాకెట్ల కోసం వచ్చిన ఆడవాళ్లు నన్నే తిట్టారు. పెళ్లికూతురి తల్లి, ముహూర్తం నీ కోసం ఆగుతుందా అని అరిచింది. ఆమె తప్పేముంది? నేనైనా అరిచేదాన్నే.

ఆ మెట్టు మీద కూర్చుని నేను చేసిన ప్రార్థన మీకు చెప్పాలి. మందిరంలో చేసే ప్రార్థనలాగా లేదది.

"ప్రభువా, నేను భాగస్తుణ్ణి అడగలేదు. వాళ్లు అడిగారు. వాళ్లందరూ కలిసి అడిగితే విన్నావా, నేను ఒక్కదాన్నే వద్దంటే వినలేదా? ఎక్కువమంది ఎటుంటే నువ్వూ అటేనా తండ్రీ? నా చేతులకు ఈ పని నేర్పినవాడివి నువ్వు. వాళ్లు కాదు. ఈ తాళం తీయి. తీయనంటే, ఎందుకు తీయవో నాకు చెప్పు. నేను ఇక్కడి నుంచి లేవను."

అంతే. మంచి మాటలు, స్తుతి మాటలు ఏవీ రాలేదు. నోరు ఎండిపోయింది, నెత్తి మాడిపోయింది. యాకోబు దేవునితో పెనుగులాడాడని వింటే ఆశ్చర్యపోయేదాన్ని, ఆ పూట నాకు ఆశ్చర్యం పోయింది.

అట్లా కూర్చుని ఉండగా రెడ్డెమ్మ వచ్చింది. రెడ్డెమ్మది రాయలసీమ, అక్కడ ఒక స్థానికుల ఇంట్లో వంట పని చేస్తుంది, సెలవు దొరికినప్పుడు వచ్చి నా దగ్గర జాకెట్లు కుట్టించుకునేది. ప్రార్థనకు వచ్చే మనిషి కూడా కాదు. తన జాకెట్టు అయిందేమోనని వచ్చింది. నన్ను ఆ స్థితిలో చూసి నీళ్లు తెచ్చి ఇచ్చి, పక్కన కూర్చుని ఏమైందని అడిగింది. నేను ఏడుస్తూ అంతా చెప్తూ, ముఖం కూడా చూపించని ఆ భాగస్తుడి పేరు చెప్పి తిట్టాను. అంతే, రెడ్డెమ్మ నా చెయ్యి పట్టుకుని, "ఏం పేరు చెప్పినావక్కా? అది మా బాబా పేరు గదా!" అంది. అక్కడ ఇంటి యజమానిని పనివాళ్లు బాబా అంటారు. తాత పేరు, ఇంటిపేరు అన్నీ అడిగింది, అన్నీ కలిశాయి. "మా బాబా మంచం దిగి నడవనే లేడక్కా, ఆయన నీ అంగడికి తాళమేస్తాడా? నువ్వు లెయ్, పోదాం పద" అంది. సహోదరులారా, నేను ఆ మెట్టు మీద నుంచి లేవనని దేవునితో అన్నాను, నన్ను లేపడానికి ఆయన రెడ్డెమ్మను పంపించాడు! దేవునికే మహిమ!

ఆ ఇంటికి వెళ్లాను. తెల్లటి నిలువు అంగీ వేసుకుని, చక్రాల కుర్చీలో కూర్చుని, టీవీ చూస్తున్నాడు ముసలాయన. ఆయన తరంవాళ్లకు హిందీ బాగానే వచ్చు, వ్యాపారానికి బొంబాయి తిరిగినవాళ్లు. మన పట్నం దగ్గర పుట్టినదాన్ని కాబట్టి నాకూ ఆ భాషకు లోటు లేదు. నేను చెప్పేదంతా ఆయన మధ్యలో ఆపకుండా విన్నాడు. విని, "బేటీ, మై కబ్ బోలా?" అన్నాడు. నేనెప్పుడు చెప్పాను తల్లీ, అని! ఎప్పుడో, స్థానికుడి పేరు తప్పనిసరిగా ఉన్న రోజుల్లో, ఇంకెవరిదో క్షౌరశాల కోసం పెద్దన్నకు సంతకాల అధికారం ఇచ్చాడట, ఆ క్షౌరశాల మూతపడింది, ఆయన మర్చిపోయాడు. పెద్దన్న మర్చిపోలేదు. నా దుకాణం ఒకటి ఉందని కూడా ఆయనకు తెలియదు. నా నుంచి వాటా అని పోయింది ఏదీ ఆయన గడప తొక్కలేదు. ఇంకో మాట అన్నాడు, అది వినండి. "కానూన్ బదల్ గయా బేటీ. మేరా నామ్ కాయ్‌కు?" చట్టం మారిపోయింది కదా తల్లీ, నా పేరు నీకెందుకు?

సొంత దేశపు పరాయి మతస్థుడు కూడా కాదు, పరాయి దేశపు పరాయి మతస్థుడు, చక్రాల కుర్చీకి అతుక్కున్న ముసలాయన, నా భాగస్తుడు, మీరు ఉపవాసముండి అడిగి తెచ్చిన భాగస్తుడు, ఆయన నోటితో ఆయనే చెప్పాడు నాకు భాగస్తుడు అక్కర్లేదని! ఆ మాట నాకు నా సంఘం చెప్పాలి. నా పెద్దలు చెప్పాలి. ఆ ఇంటి చాప మీద కూర్చుని నేను ఏడ్చిన ఏడుపు సంతోషంతో ఏడ్చానో రోషంతో ఏడ్చానో ఇప్పటికీ నాకు తెలియదు.

అప్పటికప్పుడే ఆయన పెద్దన్నకు ఫోన్ చేశాడు. అరబ్బీలో మాట్లాడాడు, గొంతు పెంచలేదు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. రెడ్డెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూ, "తాళంచెవి రేప్పొద్దున్నే తెచ్చియ్యమంటాండాడక్కా" అని చెప్పింది. తెచ్చి ఇచ్చాడు. ఆ వారంలోనే ముసలాయన కొడుకు ఆయనను కారులో లైసెన్సు దఫ్తరుకు తీసుకొచ్చాడు, పెద్దన్నకు ఇచ్చిన అధికారం తీసేసి, తన పేరు నా లైసెన్సు మీద నుంచి తీసేయమని సంతకం పెట్టాడు. ప్రతిఫలం ఏమైనా ఇవ్వాలా అని అడిగితే, నా కోసం కూడా దేవుణ్ణి అడుగు, కాళ్ల నొప్పులు ఎక్కువగా ఉన్నాయి అన్నాడు. రోజూ అడుగుతున్నాను. పెళ్లికూతురి జాకెట్టు ముహూర్తానికి అందింది, పాపం రెడ్డెమ్మదే వెనకబడింది. బోర్డు మార్పించాను. సుగుణ లేడీస్ టైలరింగ్. తెలుగులో కూడా రాయించాను, అక్షరాలు కాస్త వంకరగా వచ్చాయి, అయినా మార్చనివ్వలేదు.

ఇంతటితో ఆపితే సాక్ష్యం బాగుంటుంది. కానీ నాకు కోపం తెప్పించిన ఇంకో సంగతి ఉంది. మరుసటి కూడికలో పెద్దన్న లేచి, ఈ అల్పుడి ద్వారా దేవుడు ఒక పేద సహోదరికి సొంత వ్యాపారం దయచేశాడు, ఆమె తన కాళ్ల మీద తాను నిలబడింది, దేవునికి స్తోత్రం అని సాక్ష్యం చెప్పాడు! కన్నీళ్లు పెట్టుకుని మరీ! అందరూ చప్పట్లు కొట్టారు. నేను లేచి, జరిగింది జరిగినట్టు చెప్పాను. సగంమంది తలలు వంచుకున్నారు, మిగతా సగంమంది నన్ను చూసి, దైవజనుడి మీద నోరు పారేసుకుంటుందేమిటి అన్నారు. ఆ తర్వాత ఇంకా ఇద్దరు సహోదరీలు ఒక్కొక్కరుగా నా దుకాణానికి వచ్చి, తలుపు దగ్గరికి వేసి, మా లైసెన్సుల మీద కూడా అదే ముసలాయన పేరు ఉందని చెప్పారు. వాళ్లను వెంటబెట్టుకుని దఫ్తరుకు నేనే తీసుకువెళ్లాను. వాళ్ల పనులు కూడా చక్కబడుతున్నాయి.

నేను వాక్యాన్ని తప్పుపట్టడం లేదు. నన్ను అపార్థం చేసుకోకండి. దేవుని మాట మంచిది, ప్రతి అక్షరం మంచిది. కానీ దేవుడు మనకు వాక్యంతో పాటు బుర్ర కూడా ఇచ్చాడు, అడగడానికి నోరు ఇచ్చాడు, నడవడానికి కాళ్లు ఇచ్చాడు. వెళ్లి అడగాల్సిన చోట వెళ్లి అడగకుండా పళ్లెంలో చెయ్యి పెట్టి, వచ్చిందే దేవుని చిత్తం అంటే, ఆ పళ్లేన్నే మనం దేవుణ్ణి చేసుకున్నట్టు కాదా? మీలో ఎవరైనా ఏ దేశంలోనైనా ఏదైనా పెట్టుకోవాలనుకుంటే, ప్రార్థన చేయండి, తప్పకుండా చేయండి, చేసి లేచి ఆ దేశపు దఫ్తరుకు మీరే వెళ్లి మీ నోటితో అడగండి. ఒక్కో చోట ఒక్కో పనికి ఒక్కో కట్టడి ఉంటుంది, నిజంగా భాగస్తుడు కావాలంటే కావాలి, నేను కాదనను. కానీ అది చట్టం చెప్పాలి, చట్టం పేరు చెప్పి మన మీద స్వారీ చేసేవాడు కాదు. నాకు తోడుగా నిలిచిన దేవుడు ఇన్నేళ్లలో నా లైసెన్సు మీద తన పేరు రాయమని అడగలేదు. సృష్టి అంతా ఆయనది, నా మిషను కూడా ఆయనదే, అయినా ఏ రోజూ, సుగుణా, నేను ఒప్పుకోను, నువ్వు జీతానికి కూర్చో అనలేదు. అటువంటి దేవుణ్ణి నమ్మండి! మిమ్మల్ని చిన్నబుచ్చకుండా మీ పక్కన నిలబడేవాడు ఆయన ఒక్కడే. ఆయనను నమ్మి సిగ్గుపడినవాళ్లు లేరు. ఆయన పేరు చెప్పుకుని మన మధ్యకు వచ్చేవాళ్లను నమ్మి సిగ్గుపడినవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లలో నేనూ ఒకదాన్ని.

పాస్టరయ్య ఇందాక నాతో అన్నాడు, సాక్ష్యం అయ్యాక మోకరించు బిడ్డా, పెద్దలందరూ నీ మీద చేతులుంచి, నీ దుకాణం చూసుకోవడానికి నమ్మకమైన ఒక సహోదరుణ్ణి దేవుడు పంపాలని ప్రార్థిస్తారు అని. మళ్లీ! పాస్టరయ్యా, మీ మీద నాకు గౌరవం ఉంది, మోకరిస్తాను. కానీ ఈసారి ప్రార్థన నేను చేస్తాను, మీరు నాతో ఏకీభవించండి.

"పరలోకమందున్న తండ్రీ, నా చేతులకు పని ఇచ్చావు, నీకు స్తోత్రం. తాళం తీశావు, నీకు స్తోత్రం. ఆ ముసలి తండ్రి కాళ్లకు బలమియ్యి. రెడ్డెమ్మకు సెలవులు ఎక్కువ దొరికేలా చేయి. పెద్దన్నను క్షమించమని అడగమన్నారు, అడుగుతున్నాను తండ్రీ, నువ్వు క్షమించు, నాకు మాత్రం ఇంకా కొంత టైము ఇవ్వు, నేను అబద్ధం ఆడలేను. ఈ సంఘంలో కుట్టేవాళ్లు ఉన్నారు, వండేవాళ్లు ఉన్నారు, పాలు పోసేవాళ్లు, పార్లర్ నడిపేవాళ్లు, చదువుకుని ఉద్యోగం చేసేవాళ్లు ఉన్నారు. వాళ్ల కష్టం మీద వాళ్ల పేరు ఉండనివ్వు ప్రభువా. వాళ్లు అడగని మనిషిని, మేము ఎంత ఉపవాసముండి అడిగినా, వాళ్ల పక్కన పెట్టకు. మమ్మల్ని అడగకుండా మా మీద చేసే ప్రార్థనలను వినకు. యేసు నామంలో అడుగుతున్నాను."

ఆమెన్ అనండి. అక్కలారా, చెల్లెళ్లారా, మిమ్మల్నే. మగవాళ్లు ముందు అనాలని ఆగకండి. మీరే అనండి.